రాజకుమారికి గొంతిచ్చిన పిల్ల

గద్వాల. సినిమా హాలు బయట మిర్చి బండి దగ్గర, మధ్యాహ్నం ఆట ఇంటర్వెల్. వడ్డేపల్లి నుంచి వచ్చిన రూతమ్మ, హైదరాబాదులో సినిమాలకు గొంతు ఇచ్చే పనిలో చేరిన ఆమె కూతురు హెప్సిబా.

“ఇంకేం చూస్తం అమ్మా, పోదాం పా. నీకు నడుము నొస్తది.”

“నా నడుముకు ఏం గాలే. మెత్తటి కుర్చీల కూసుంటే నడుము ఎందుకు నొస్తది? పత్తి చేన్ల వంగితే నొస్తది. మిర్చి తిను.”

“నాకొద్దు.”

“బొమ్మల సినిమా మస్తుంది గదనే. ఏం రంగులు, ఏం రంగులు. ఏరేమో ఊదా రంగు, చెట్లకేమో బంగారు కాయలు. గంత అడివిల ఉరికింది గా పిల్ల, ఒట్టి కాళ్లతోని. ఒక్క ముల్లు ఇరగకపాయె.”

“అది కథ అమ్మా.”

“కథనే. పత్తి చేను గూడ కథనే. పిల్ల పాట పాడంగనే పత్తి అంత ఎగిరొచ్చి గంపల వడె. నేను ఇరవై ఏండ్ల సంది పాడుతున్న, ఒక్క కాయ కదలకపాయె.”

“నీ పాటకు కాయలు గూడ భయపడి ఉంటయి.”

“నవ్వు, నవ్వు. నవ్వుకుంటనే చెప్పు, నీ గొంతు యాడ?”

“ఏ గొంతు?”

“ఏ గొంతంటవేందే? రాజకుమారి గొంతు. నువ్విచ్చిన గొంతు. చెవులు ఇంతింత జేసుకొని ఇన్న. ఆ పిల్లేమో ‘ఓ చిలుకమ్మా, నా మనసు ఎందుకో కలతగా ఉన్నది’ అనవట్టె. నువ్వు పుట్టిన కాడి నుంచి గా మాట అనంగ నేను ఇనలే.”

“మైకుల గొంతు మారుతది.”

“గొంతు మారితే మారనియ్యి. మనిషి గూడ మారుతదా?”

“మిషన్లు ఉంటయి అమ్మా, నీకు తెల్వదు. జర మెల్లగ మాట్లాడు, పాస్టరమ్మ చూస్తుంది.”

“చూడనియ్యి. ప్రేమలతమ్మ చూడనీకే వచ్చింది. ముప్పై మందిమి డీసీఎం బండి మాట్లాడుకొని వచ్చినం, ఎవరి కోసం? నీ కోసం. పోయిన ఆదివారం సంఘం ముందర నిలవడి సాక్ష్యం చెప్తిని, దేవుడు నా బిడ్డను రాజకుమారిని జేసిండని. అందరు ఆమెన్ అన్నరు. సాక్ష్యం చెప్పినంక వాపసు తీసుకునేది ఉంటదా?”

“సాక్ష్యం ఎవరు చెప్పమన్నరు నిన్ను?”

“సినిమాల గొంతు ఇస్తున్న అంటివి. రాజకుమారికా బిడ్డా అంటే ఊకుంటివి.”

“నువ్వే అనుకుంటివి. నేను కాదనలే, అంతే.”

“కాదనలేవు. ఆర్నెల్ల సంది కాదనలేవు. నేను చేన్ల చేన్ల తిరిగి చెప్పుకుంటి.”

“ఆగు, ఫోనొచ్చింది. హలో, చెప్పండి సార్. అవునండి, గద్వాలలోనే చూస్తున్నాను. చాలా బాగా వచ్చింది సార్, పిల్లలు తెగ నవ్వుతున్నారు. పక్కన ఎవరా? ఎవరూ లేరు సార్, మా ఊరివాళ్లు. ఉంటాను సార్, నమస్తే.”

“ఎవరు?”

“స్టూడియో సార్. గొంతులు ఏరుకునేది ఆయననే.”

“ఆయనతోని గా ‘ఓ చిలుకమ్మా’ తీరు మాట మంచిగనే మాట్లాడ్తివి గద. మరి రాజకుమారివి ఎందుకు గాకపోతివి?”

“మూడు దినాలు చదివిన అమ్మా. రాజకుమారి మాటలే చదివిన. గొంతు బాగుంది గాని మాటల మట్టి వాసన వస్తుంది అన్నడు సారు.”

“మట్టి వాసన మంచిదే గద.”

“మంచిదే అన్నడు. రాజకుమారికి వద్దన్నడు.”

“మరి ఎవరికి పెట్టిన్రు నిన్ను? చిలుకకా?”

“కాదు.”

“కుందేలుకా? కుందేలైనా సరే, సంఘంల ఎట్లనో చెప్పుకుంట. కుందేలు గూడ దేవుడు జేసిందే.”

“కుందేలు గూడ కాదమ్మా.”

“చెప్పకు, నేనే చెప్త. ముసల్ది. మంత్రాల ముసల్ది.”

“నీకెట్ల ఎర్కైంది?”

“తలుపు తన్నుకొని లోపలికొచ్చి, ‘లెవ్వే, పొద్దు నీ నెత్తి మీద కూసుంది, తిన్న గిన్నె కడగనీకి మీ అత్త వస్తదా’ అనలే? హాలంత నవ్వింది. నా చెయ్యి చీపురు కోసం ఎతికింది. పొద్దుగాల లేచి నేను నీకు అనే మాట అది.”

“రాసిచ్చిన దాంట్ల లేకుండె. ఊరి తిట్లు ఏమన్న వస్తయా నీకు అని స్టూడియోల అడిగిన్రు. నాకు నీవే యాదికొచ్చినయి.”

“దేశమంత ఇంటున్నరన్నట్టు నా తిట్లు.”

“కోపం జెయ్యకు.”

“కోపం ఎందుకు? సినిమా మొత్తంల పని జేసేది ముసల్దొక్కతే. కట్టెలు కొట్టింది, గంజి కాసింది, మేకను కట్టేసింది. ఆ రాజకుమారికి తల దువ్వనీకి గూడ నాలుగు పిట్టలు రావాలె. గాని ఒకటి చెప్పు. ముసల్దానికి మన మాట, దొంగలకు మన మాట, గాడిదకు మన మాట. చిలుకకేమో బడి మాట. ఆ చిలుక ఏ బడికి పోయిందే?”

“నాకు తెల్వదు. ఇనేది ఇంటివి గద, ఇగ పోదాం పా.”

“వచ్చినప్పటి సంది పోదాం పోదాం అంటున్నవ్. లోపల ఇంకేముంది?”

“ఏం లేదు. రెండు పాటలు.”

“హెప్సిబా.”

“ముసల్ది అసలుకు రాణి అమ్మా. రాజకుమారిని కన్నతల్లి. శాపం తగిలి గట్లైంది. ఆఖర్ల శాపం పోతది. జరీ చీర కట్టుకొని, నగలు వెట్టుకొని వెలుగుల నిలవడ్తది.”

“మంచిదే గద. దీనికి పరేషాన్ ఎందుకు? నా బిడ్డ రాజకుమారి గాకపోతే రాణైంది. సాక్ష్యం పెద్దగైంది గాని చిన్నగ గాలే.”

“రాణైనంక అది నేను గాదు.”

“నువ్వు గాకపోతే?”

“రాజకుమారికి గొంతిచ్చిన పిల్లనే. జర పెద్దమనిషి తీరుగ చెప్పింది.”

“అప్పటిదాంక అరిచింది నువ్వు. ఆఖరుకు నిన్నెందుకు తీసేసిన్రు?”

“శాపం పోయినంక గూడ గట్లనే మాట్లాడితే, శాపం పోయిందని చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తది అన్నరు.”

“గట్లన్నరా.”

“నవ్వుకుంటనే అన్నరు. నేను గూడ నవ్విన. రూముకు పోయినంక ఏడ్చిన. నువ్వు దాన్ని ఇనొద్దని పోదాం అంటున్న, ఇంకేం లేదు.”

“ఇందాక సారుతోని మేము ఊరోళ్లమైంది గూడ గందుకేనా?”

“అమ్మా.”

“అమ్మనే. ఆ మాట ఫోన్ల ఎందుకు రాకపాయె అని అడుగుతున్న.”

“నువ్వు పక్కన నిలవడి మాట్లాడితే నీ మాట నా నోట్లకు వస్తది. అదొస్తే సారు మల్ల పిలుస్తడో పిలవడో అని భయం. తప్పైందమ్మా.”

“ప్రేమలతమ్మా, ఓ ప్రేమలతమ్మా. పిల్లలను లోపలికి పోనియ్యకు. అందరిని డీసీఎం ఎక్కియ్యి, పోదాం.”

“ఇప్పుడా? సగం సినిమాకే లేపుకపోతే పిల్లలు ఏడుస్తరు అమ్మా. ఆఖరు చూడాలంటరు.”

“ఆఖరు నేను చెప్త తొవ్వల. నా కథల గూడ శాపం పోతది, జరీ చీర గూడ కట్టుకుంటది. కట్టుకొని గద్దె మీద కూసుండి, బిడ్డను పిలిచి, గిన్నెలు కడిగినవానే అని అడుగుతది. పిల్లలు నవ్వితే నవ్వనియ్యి, రాణిని చూసి నవ్వుతరు.”

“మరి నీ సాక్ష్యం?”

“వచ్చే ఆదివారం సరిజేస్త. నా బిడ్డ రాజకుమారి గాదు, ముసల్ది అని చెప్త. ఆమెన్ అంటరో అనరో వాళ్ల ఇష్టం. మల్ల మోగుతుంది చూడు నీ ఫోను. ఆ సారేనా?”

“ఆయననే.”

“ఎత్తు మరి. నేను దూరం పోతనా?”

“వద్దు, ఈడనే ఉండు. ఆఁ, చెప్పు సార్. లేదు సార్, ఆఖరు చూస్తలేం, ఇంటికి పోతున్నం. గొంతుకు ఏం గాలే సార్, నేను ఇంట్ల మాట్లాడేది గిట్లనే. పక్కన ఎవరా? మా అమ్మ సార్. మీ ముసల్దానికి గొంతిచ్చింది ఆమెనే.”