అడవిమంట, తెరెరె బుర్ర

కాంపో గ్రాండే నగరంలో చర్మరోగాల ఆసుపత్రి వరండా. అడవిమంట అని పిలిచే చర్మరోగంతో అక్క ఒళ్ళంతా పొక్కులు. చెల్లెలి చేతిలో తెరెరె అనే చల్లని ఆకు పానీయం నింపిన సొరబుర్ర. ఎంతమంది తాగినా దానికి ఒకటే గొట్టం.

"డాక్టరమ్మ ఏమందే?"

"ఒంట్లో కబుర్లు మోసేవేవో ఉంటాయటక్కా. అవి ఆపకుండా 'దొంగ, దొంగ' అని అరుస్తుంటే, కాపలావాళ్ళొచ్చి నీ చర్మాన్నే బాదేస్తున్నారట."

"దొంగెవడు?"

"ఎవడూ లేడట."

"మరి అరుపులెందుకే?"

"నాకూ అర్థం కాలేదు. ఆవిడకీ పూర్తిగా తెలీదట."

"బానే ఉంది సంబడం! ఇంతకీ ఇది నాకెవరు అంటించారు?"

"ఎవరూ అంటించలేదు. నువ్వూ ఎవరికీ అంటించలేవట."

"మరి ఇన్నాళ్ళూ నేనీ బుర్ర ముట్టుకోకుండా మీకందరికీ దూరంగా కూర్చున్నదెందుకే?"

"అదీ అర్థం కావట్లేదు. ఇదిగో, తాగు. గొట్టం తుడవకుండా ఇటివ్వు."