రాజకుమారి కాళ్లు

సారపాకలో, కాగితం మిల్లు క్వార్టర్సులో, 1993 నాటి మాట. ఖమ్మం కాలేజీలో చేరడానికి అదే ఆఖరు రోజు. తోడు రావలసిన మేనమామ ఇంకా రాకపోవడంతో, మనవరాలు టీవీలో వీడియో గేమ్ ఆడుతోంది. పక్కన అమ్మమ్మ కూర్చుంది.

“ఆ పిల్లేందే, బోనుల కదలకుండ నిలబడ్డది?”

“రాజకుమారి, అమ్మమ్మా. హీరో వచ్చి విడిపియ్యాలె. ఇది పాత క్యాసెట్.”

“కాళ్లున్నయ్ గద?”

“అప్పటి మిషన్ల మెమరీల జాగ తక్వనట. హీరోను నడిపిచ్చేసరికే నిండిపోయేదట. కంప్యూటర్ సారు చెప్పిండు.”

“జాగ పెరిగినంక?”

“పెరిగినా శానేండ్లు గట్లనే నిలబెట్టిన్రు. అలవాటైంది గద! కొత్త క్యాసెట్ల ఆమెను మనమే ఆడియ్యొచ్చు. అందరికన్న దూరం దుంకుతది.”

“మీ అమ్మ చదివేటప్పుడు ఖమ్మానికి మూడు బస్సులు మారాలె. అడవి దారి. అందుకే మీ మామను తోడు పంపిన. ఇప్పుడెన్ని మారాలె?”

“ఒక్కటే. గేటు ముంగట ఎక్కితే సీదా ఖమ్మం.”

“మరి మామ కోసం ఎందుకు కూసున్నవ్?”

“ఆడపిల్ల ఒక్కతే ఎట్ల పోతదని నాయన అన్నడు. మామ వెదురు లారీ యాడనో దిగబడ్డదట. ఇయ్యాల పోకుంటే సీటు పోతది, అమ్మమ్మా.”

“సర్టిఫికెట్లు?”

“సంచిల పెట్టుకున్న.”

“బస్సెప్పుడు?”

“పావుగంటల. నువ్వు రారాదు?”

“నేనొస్తే మళ్ల తోడే అయితది. మీ నాయనకు నేను చెప్పుకుంట.”

“మామ వస్తే?”

“అన్నం పెడ్త. తిన్నంక, పిల్ల ఒక్కతే చేరనీకి పోయిందని చెప్త.”