తలుపు బయటి చెప్పులు

శంషాబాద్ దగ్గర, తొండుపల్లి రోడ్డు మీద మందులు నిల్వ చేసే గోదాం. ముందు భవనంలో మేనేజర్ సరిత. వెనక భవనంలో, కోల్డ్ రూం దగ్గర, నెట్‌వర్క్ పనికి వచ్చిన హమ్జా. ఇద్దరి మధ్య ఫోను.

“ఇంకా కనబడుతలేదు హమ్జా. నా దాంట్ల మా ఆఫీసు కంప్యూటర్లే ఉన్నయి. కోల్డ్ రూంది ఏది?”

“ఎట్ల కనబడతదక్కా! మీదొక గల్లీ, దీనిదొక గల్లీ. నడుమ గోడ. కంప్యూటర్ తన పేరు తన గల్లీలనే ఒర్రుతది, గోడ దాటదు. రూటర్ల దర్వాజ పెడుతున్న, జర ఆగు.”

“మొదట్ల రెండూ ఒక్కటే ఉండె. నీకంటె ముందు ఈ పని చూసిన వీరేందర్ గాడు పని ఇడిసిపెట్టి పోయెటప్పుడు గిట్ల చేసిపోయిండు.”

“ఎందుకు చేసిండట?”

“నాకేం తెలుసు? తిక్క.”

“తిక్కతోని చేసిన పని కాదక్కా ఇది. ఆఫీసు నుంచి ఒక్క కంప్యూటర్ గూడ ఇటు రాకుండ ఏరి ఏరి బందు పెట్టిండు. అది గూడ మీ హమాలీ కుర్మయ్య కాక ఈ రూంల సచ్చిపోయిన తెల్లారే.”

“పని చెయ్ తమ్మీ. ముచ్చట్లు తర్వాత.”

“చేస్తనే ఉన్న… ఆఁ, ఇప్పుడు నేను పంపిన నంబర్ కొట్టు.”

“వచ్చింది! వచ్చింది. చల్లదనం ఎంతున్నదో కనబడుతున్నది. కెమెరా గూడ వచ్చింది. తలుపు… తలుపు బయట నీ చెప్పులు.”

“చెప్పులు ఇడిసినంకనే లోపలికి పోవాలె గదా, ఇక్కడి రూలు. బయట చెప్పులుంటే లోపల మనిషున్నట్టు.”

“అవును. నువ్వింక లోపల్నే ఉన్నవా?”

“లోపల్నే. వైరు ఇటే ఉన్నది. అక్కా, నీ స్క్రీన్ మీద తాళం బొమ్మ ఉన్నదా?”

“ఉన్నది.”

“ముట్టకు. లోపలి పిడి ఇరిగి ఉన్నది. ఇంక బాగు చేయించలే మీరు.”

“చేయిస్తం.”

“అంటే ఆఫీసుల కూసోని గూడ తాళం వెయ్యొచ్చన్నట్టు.”

“అయితే ఏంది?”

“ఏం లేదు. కుర్మయ్య కాక భార్య చంద్రమ్మ చిన్నమ్మ మా గల్లీలనే ఉంటది. తలుపు దానంతటదే పట్టేసింది, మీ ఆయన లోపలున్నడని ఎవరికీ తెల్వదు అని చెప్పిండ్రట ఆమెకు.”

“పట్టేసింది. మిషన్ గదా, ఖరాబైతది.”

“చెప్పులు కనబడలేదా?”

“ఏం చెప్పులు?”

“కుర్మయ్య కాకయి. అప్పుడు గూడ ఇదే కెమెరా ఉండె గదా.”

“నేను చూడలే.”

“కరెంటు పోయి పాడైన సూదిమందులు విమానానికి పంపుతుంటే, నేను బండికెక్కియ్య, మందికి చెప్త అన్నడట కాక. ఆ దినమే తలుపు పట్టేసిందా?”

“హమ్జా. ఎవరెవరితోని మాట్లాడినవ్?”

“ఎవరితోని లేదు. నాకు నేనే అనుకుంటున్న.”

“ఓనర్ సార్‌కు చెప్పినవా? వీరేందర్‌కు ఫోన్ చేసినవా?”

“లేదంటున్న గదా. పోలీసుల తాన పోతే మంచిగుంటదేమో అని…”

“లోపల సలి పెడుతున్నదా?”

“పెడుతున్నదక్కా. కోటు గూడ ఏసుకోలే. ఇగ బయటికొస్త.”

“ఆగు.”

“అక్కా? ఏందో చప్పుడైంది. అక్కా, తలుపు!”

“తాళం పడ్డది. ఒర్రకు, ఎవరికీ ఇనబడదు. జరసేపు సోంచాయించుకో. పోలీసులు గీలీసులు అననంటే తీస్త.”

“సచ్చిపోతనక్కా!”

“సావవు. కుర్మయ్యకు గూడ గిదే చెప్పిన. జరసేపే అనుకున్న. మీటింగుల పడి మర్చిపోయిన… మర్చిపోయిన, అంతే. నాకేమన్న పగనా ఆయన మీద?”

“చెప్పులు చూసినవా, చూడలేదా? అది చెప్పక్కా.”

“చూసిన! చూసిన కాబట్టే తాళం ఏసిన. సాలునా?”

“సాలు.”

“ఏంది సాలు? అట్ల మాట్లాడుతున్నవేంది? సలి పోయిందా నీకు?”

“నేను లోపల లేనక్కా. పక్క మిషన్ రూంల ఉన్న. మొదటి సంది ఇక్కడే ఉన్న.”

“అబద్ధం. చెప్పులు కనబడుతున్నయి నాకు. ఇగో, తలుపు ముంగటనే ఉన్నయి.”

“నా చెప్పులు నా కాళ్లకే ఉన్నయి. జర కెమెరా దగ్గరికి జరిపి చూడు.”

“…హమ్జా, ఫోన్ పెట్టెయ్. నేనే అటొస్త. కూసోని మాట్లాడుదాం.”

“స్పీకర్ మీదనే ఉన్నది ఫోను. చిన్నమ్మకిస్తున్న, ఆమెతోని మాట్లాడు.”

“సరితా, నేను చంద్రమ్మను. అవి నా మొగని చెప్పులు. దవాఖాన కాడ నువ్వే నా చేతిల పెట్టినవ్, గుర్తుకు రాలేదా బిడ్డా?”