తల లేని చేప

"మీరే! మీ తెల్లకోట్లే మా తమ్ముణ్ణి లోపల వేయించాయి. చేప మంచిదేనని సంతకం కొట్టి పడేశారు. ఇంకేం, విషం వంటవాడే కలిపాడన్నమాట!"

పరీక్షాశాల గుమ్మంలో హాస్టల్ వంటవాడి అక్క; లోపల చేపలు పరీక్షించే ఉద్యోగి.

"అరవకండమ్మా. వంటవాడి ఊసే నేను రాయలేదు. పెట్టె మీద ఏ చేప పేరుందో లోపలా అదే ఉందని రాశాను. అంతే."

"అంతేనా? ఆ హాస్టల్ చేపల కూర తిని పదకొండు మంది పిల్లలు నాలుక మొద్దుబారి, ఊపిరాడక పడున్నారు. అంతేనట!"

"ఇదిగో, ఈ జిగురు పలక చూడండి. చేప కండలోంచి ప్రోటీన్లు తీసి ఇందులో పోసి కరెంటు పెడతాం. గీతలుగా విడిపోతాయి. ఒక్కో జాతికి ఒక్కో వరస. ముక్కలు కోసినా దాగదు. ఇది హాస్టల్ పెట్టెలో మిగిలిన పచ్చి ముక్క. పక్కది పోల్చి చూడ్డానికి పెట్టిన అసలు చేప. గీతకి గీత సరిపోయింది."

"ఆ అసలు చేప ఎవరిచ్చారు?"

"మా దగ్గరున్నది అయిపోయింది. కంపెనీ వాళ్లు పంపారు."

"ఏ కంపెనీ? హాస్టల్‌కి అమ్మినదేనా?"

"అదే. అయిపోయినప్పుడల్లా వాళ్లే పంపుతారమ్మా."

"తలతో వచ్చిందా?"

"శుభ్రం చేసి, ఐసులో..."

"తల ఉందా, లేదా?"

"లేదు. తోలూ లేదు. పైన పేరు చీటీ ఉంది."

"చీటీ చదివి నమ్మేశావా సారూ? చీటీ చదవడానికి ఈ మిషనెందుకు?"

"మీ చేతుల నిండా ఆ గాట్లేంటి?"

"నా చేతుల గోల నీకెందుకు? కూరగాయలు తరిగా."

"కూరగాయలకి అరచేతులు అలా..."

"మాట మార్చకు! ఈ సంచిలో రెండు చేపలున్నాయి. తలా, తోకా, తోలూ అన్నీ ఉన్నాయి. ఒకటి మంచిది. ఇంకోటి పొట్ట బంతిలా ఉబ్బించుకునే విషపు చేప. రెంటినీ ఆ ముక్క పక్కన పెట్టి మళ్లీ చూడు."

"నాలుగింటికి రిపోర్టు స్టేషన్‌కి వెళ్లిపోవాలి. పై ఆఫీసరు సంతకం కూడా అయింది. ఏమని ఆపను? ఎవరు చెప్పారని రాయను?"

"నేను చెప్పానని రాయి."

"వంటవాడి అక్క చెబితే ఎవరు నమ్ముతారు?"

"అక్కనని రాయకు. ఆ కంపెనీలో తోలు వలిచేదాన్నని రాయి. హాస్టల్‌కి పోయిన పెట్టె, నీకొచ్చిన ముక్క, అంతా ఆ ఉబ్బు చేపే. వలిచింది ఈ చేతులే. మేస్త్రీ నోరు మూసుకోమన్నాడు, మూసుకున్నా. మీ మిషను చెప్పేస్తుందిలే, నేను చెప్పక్కర్లేదనుకున్నా. మా తమ్ముణ్ణి వదిలి నన్ను పట్టుకోమని రాయి. రాసి, ఆ పలక పెట్టు. ఇప్పుడే పెట్టు!"