కాగుడు నీళ్ళు

గిద్దలూరు పక్క పల్లె. పొద్దు పొడిచినా మంచు విడవలేదు. తడిక లోపల చెంచులక్ష్మి నీళ్ళు పోసుకుంటోంది. తడిక బయట, కాగు కింద మంట ఎగదోస్తూ ఆమె తండ్రి గురవయ్య.

"ఇంగ చాలు నాయనా. తోలు ఊడొస్తాంది."

"ఇంగో రెండు చెంబులు. నడుం మీద పోసుకో."

"ఈ నీళ్ళల్లో కోడిని ముంచితే ఈకలు ఊడతాయి."

"బాలింతకు అట్లనే ఉండాల. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు ఇంతకంటే మసలబెట్టినాం. అప్పుడు గూడా మంట ఏసింది నేనే."

"నేను బాలింతనా?"

"కట్టె పచ్చిది. పొగ చూడు."

"నాయనా, నిన్నే అడిగేది."

"పసుపు పట్టించినావా?"

"పట్టించినా. పిల్ల లేని పురుటికి పసుపేంది, సాంబ్రాణేంది అంటాంది మా అత్త."

"ఎప్పుడనింది?"

"ఇందాక. నువ్వు కట్టెలకు పోయినప్పుడు ఫోన్ చేసింది. మిరపకాయలు పండి రాలిపోతాండాయంట. కూలోళ్ళు దొరకడం లేదంట. రేపు కొమరోలు బస్సుకు రమ్మనింది."

"అల్లుడేమన్నాడు?"

"ఏమనలా. పక్కన దగ్గినాడు, అంతే."

"నువ్వేమన్నావు?"

"వస్తానన్నా."

"నెల గూడా కాలేదు."

"నెల దేనికి? ఒళ్ళో పిల్ల ఉంటే నెలయినా, మూడు నెలలయినా."

"ఒంటికి తెల్దు కదమ్మా."

"ఏంది తెల్దు?"

"పిల్ల ఉందా లేదా అని. నొప్పులు పడింది. రగతం పోయింది. నడుముకేం తెలుసు, దానికి ఏ పురుడైనా ఒకటే. ఈ చలికాలం కూచో. మీ అత్తతో నేను మాట్లాడతా."

"నువ్వా? ఫోన్లో ఊ అనడం తప్ప ఏమంటావు నువ్వు?"

"ఊ."

"అదిగో."

"తుడుచుకో. చెవుల్లో దూది పెట్టుకో. తలకు గుడ్డ కట్టుకో. మంచం కింద కుంపటి పెట్టినా, ఎచ్చగ పండుకో."

"ఇయన్నీ నీకెట్ల తెలుసు నాయనా?"

"పక్కింటి రోశమ్మత్తను అడిగినా."

"నోరు తెరిచి అడిగినావా?"

"ఒకసారి పోయి ఊరికే వచ్చినా. మళ్ళా పోయినా."

"ఎల్లిపాయ కారం గూడా ఆమె చెప్పిందేనా? ముద్ద నోట్లో పెడితే కండ్లెంబడి నీళ్ళు."

"కారం ఎక్కువైందా?"

"ఎక్కువే. ఉండనీలే. ఏడ్సినా కారమనుకుంటారు."

"ఇంగోటి గూడా చెప్పిందమ్మా రోశమ్మత్త."

"ఏంది?"

"పాలు ఇంకడానికి ఎదకు మల్లెపూలు కట్టుకోవాలంట. గిద్దలూరంతా తిరిగినా. చలికాలం కదా, యాడా లేవు."

"పూలంగట్లో దేనికని చెప్పినావు?"

"చెప్పలా. మల్లెపూలే కావాలన్నా. చామంతులు తీస్కపో పెద్దాయనా అన్నారు. వచ్చేసినా."

"రేపు నన్ను పోనీ నాయనా."

"ఎందుకమ్మా అంత తొందర?"

"నీ నీళ్ళకు, నీ కుంపటికి ఒళ్ళు తేరుకుంటాంది. దినదినం బాగైతాంది. అదే ఓర్చుకోలేకుండా ఉండా. చేన్లో వంగి కాయలు కోస్తే నడుమన్నా నొస్తాది."

"అట్ల అనొద్దు."

"మరి ఎట్ల అనాల?"

"బయటికి రా. గాలి తగలకుండా కొంగు కప్పుకో."

"వచ్చినా. వణుకుతాండా, అమ్మ బొంత తీసియ్యి."

"మంచం మీద దుప్పటి ఉంది. కొత్తది. నిన్ననే తెచ్చినా."

"కొత్తది వద్దు. అమ్మ తన చీరలు చింపి కుట్టిందే, ఆ బొంత."

"ఉతకనేసినా."

"మొన్న గూడా అదే అన్నావు."

"మంచు పడతాంది. యాడ ఆరతాది?"

"దండెం మీద లేదు. గోడ మీద లేదు. చూసినా."

"కుంపటి ఆరిపోతాంది, పా లోపలికి."

"ఆసుపత్రిలో మరిచినావా? కాన్పుకు పోయేటప్పుడు నేనే కప్పుకొని పోతిని."

"మరవలేదు. ఇంటికి తెచ్చినా."

"ఎవరికన్నా ఇచ్చినావా?"

"తల తడి ఆరలేదు, గుడ్డ గట్టిగ కట్టుకో."

"ఇచ్చినావు. నాయనా, అమ్మది నాకు ఇంగేం మిగిలింది? ఆ బొంత తెచ్చియ్యి, చలికాలమంతా ఉంటా. నువ్వు చెప్పినట్లల్లా నీళ్ళు పోసుకుంటా, కారం తింటా. తేలేకపోతే రేపు బస్సెక్కుతా."

"తేలేనమ్మా."

"ఎందుకు తేలేవు?"

"నీకు మత్తిచ్చినారు. అల్లుడు గోడకానుకొని కూచుండిపోయినాడు. పాపను నా చేతుల్లో పెట్టినారు. పలచటి గుడ్డ చుట్టి."

"తెలుసు. మన చేలో అమ్మ పక్కన పెట్టినావని చెప్పినారు. నేను అడిగేది బొంత."

"గుంత తీసినాక లోపల చెయ్యి పెట్టి చూసినా లచ్చిమీ. సల్లగుండె."

"నాయనా."

"మళ్ళా ఇంటికొచ్చి బొంత తీస్కపోయినా."

"బాగా కప్పినావా?"

"కాళ్ళు గూడా."

"ఆ కొత్త దుప్పటి ఇయ్యి నాయనా."