ట్యాంకు నీళ్ళన్నీ నోట్లో

లిఫ్టు బాబాయి ట్యాంకులో దిగిన మాట నిజం. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఆయన నోరు విప్పాక అందులో నిజమెంతో ఏరుకోవడం ఎవరి తరమూ కాదు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఆయన కథలూ అంతే, పైకి పోవడమే తప్ప ఏ అంతస్తులోనూ ఆగవు.

అక్వేరియంలో లిఫ్టు బాగుచేసినందుకు అక్కడి డైవింగ్ మాస్టారు సంతోషించి, ఆదివారం వస్తే పెద్ద ట్యాంకులోకి దించుతానన్నాడు. "అద్దం ముందు నిలబడి కళ్ళారా చూద్దువుగాని, రా" అని బాబాయి పిన్నిని బతిమాలాడు. నాలుగు రోజులుగా ఆవిడ బట్టల సంచి గుమ్మం పక్కనే ఉంది, అన్నగారింటికి పోవడానికి. పోయిన నెల వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉంటే "పెద్ద డాక్టరుతో మాట్లాడేశా, నిశ్చింతగా ఉండు" అన్నాడు బాబాయి. ఏ డాక్టరుతోనూ మాట్లాడలేదు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు కూర్చున్నారు. మూడో రోజు ఆ పెద్దావిడ కన్నుమూసింది.

"మీ నోట ఒక్కటంటే ఒక్క నిజం వినాలి. అప్పుడు ఆలోచిస్తా" అంది పిన్ని.

ఆదివారం మధ్యాహ్నం టీకొట్టు బల్ల మీద కూర్చుని బాబాయి మొదలుపెట్టాడు.

"కళ్ళ చుట్టూ ఈ ఎర్రటి గుర్తు చూశారా? మాస్కుది. వీపున సిలిండరు, నోట్లో గొట్టం. నిచ్చెన దిగా. మాస్టారి చెయ్యి పట్టుకున్నాననుకోండి, అది వేరే సంగతి. అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, రెండు నిమిషాలు..."

ఇక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది!

"రెండు నిమిషాలేనా?" అన్నాడు టైర్ల షాపతను, టీ ఊదుకుంటూ.

బాబాయి యాభై ఏళ్ళ బతుకులో భయపడుతూ కూడా చేసిన పని అదొక్కటే. దాన్ని పట్టుకుని 'ఏనా' అంటే ఎలా తట్టుకోవడం?

"రెండు మాస్టారికి! ఆయన పైకి పోయాడు. నేను గంట ఉన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సొరచేప వచ్చింది. బస్సంత ఉంది. చెవి పట్టుకుని మెలేశా."

"సొరచేపకి చెవులుంటాయా బాబాయ్?"

"నేను పట్టుకున్నదానికి ఉన్నాయి! మెలేసేసరికి అది గిరుక్కున తిరిగి తోకతో అద్దాన్ని కొట్టింది. అద్దం పగిలింది. అవతల నాలుగొందల మంది జనం!"

"ఆ తర్వాత?" అన్నాడు బస్సు డ్రైవరు.

"ముందు చేపల్ని పైకి చేర్చాలా వద్దా? వరసలో నిలబెట్టా. ఎనిమిది దాటితే ఓవర్‌లోడ్, నాకు తెలీదా? ఎనిమిదేసి చొప్పున లిఫ్టెక్కించా. లెక్కపెట్టడానికి తాబేలుని కాపలా పెట్టా."

"నీళ్ళు కారిపోవూ?"

వాళ్ళ చూపులు తన వెనక్కి పోతున్నాయి. ఇంకా జనం చేరుతున్నారనుకుని బాబాయి గొంతు పెంచాడు.

"కారనిస్తానా? ట్యాంకు నీళ్ళన్నీ నోట్లోకి పీల్చి పట్టుకున్నా! కొత్త అద్దం బిగించేదాకా గంటన్నర నోరు మెదపలేదు."

"సొరచేప చెవులు నమ్మాం. నువ్వు గంటన్నర నోరు మెదపకపోవడమా? అది మాత్రం మావల్ల కాదు" అన్నాడు టీకొట్టాయన. కొంతమంది నవ్వారు. కొంతమంది తల దించుకున్నారు.

"రెండు నిమిషాలండీ" అంది వెనకనుంచి పిన్ని.

బాబాయి తిరిగి చూశాడు. ఆవిడ చేతిలో సంచి లేదు.

"అద్దం ముందే ఉన్నాను. మీ కాళ్ళు వణకడం కూడా కనిపించింది. అయినా దిగారు. నాకు ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి బట్టలన్నీ మళ్ళీ బీరువాలో పెట్టేశాను. ఆ రెండు నిమిషాల సంగతి మీ నోటితో చెబుతుంటే విందామని ఇలా వచ్చాను."

"అదే... మొదట అదే చెప్పానే..."

"తాబేలు కాపలా కాసిందాకా విన్నాను" అంది. గొంతులో కోపం కూడా లేదు. వచ్చిన దారినే ఇంటివైపు నడిచింది.

బాబాయికి లేచి వెంట పరిగెత్తాలనుంది. కాళ్ళు మళ్ళీ పొద్దుటిలాగే వణుకుతున్నాయి, ఈసారి పట్టుకోవడానికి మాస్టారి చెయ్యి లేదు. కాసేపటికి సంచి భుజాన వేసుకుని పిన్ని ఎదురు రోడ్డున బస్సెక్కడం టీకొట్టులో అందరికీ కనిపించింది.

"ఎక్కడికి పోతుంది? సాయంత్రం ఆరింటికల్లా గుమ్మంలో నిలబడి నాకోసం ఎదురుచూస్తుంటుంది, చూడండి" అన్నాడు బాబాయి.

ఆ తర్వాత ఏమైందని ఈసారి ఎవరూ అడగలేదు.