ఫారంలో ఒకటే గడి

బట్టల ఫ్యాక్టరీ క్యాంటీన్. మధ్యాహ్నం భోజనం బెల్లు అయింది. కాజాలు కుట్టే ఆవిడ డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా వచ్చి కూర్చున్న ఆవిడ ఇక్కడ పనిచేసే మనిషి కాదు.

"అక్కా అనొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. మరేమని పిలవను?"

"ఏమనీ పిలవొద్దు. వచ్చిన పని చెప్పి వెళ్ళు. ఇరవై నిమిషాల్లో మళ్ళీ బెల్లు కొడతారు. నేనింకా మూత కూడా తీయలేదు."

"తినండి. తింటూనే వినండి."

"నువ్వు ఎదురుగా కూర్చుంటే ముద్ద దిగుతుందా నాకు?"

"పోనీ, పక్కకి జరుగుతాను."

"జరగక్కర్లేదు. చెప్పు."

"ఆ ఫారం అక్కా. ఇవాళ ఐదింటిలోపు మీరు సంతకం పెట్టి ఆఫీసులో ఇవ్వకపోతే, ఒకటో తారీకు నుంచి ఆయన పేరు ఇన్సూరెన్సు కార్డులో ఉండదట."

"తెలుసు."

"కార్డు లేకపోతే డయాలసిస్ చెయ్యరు. వారానికి మూడుసార్లు..."

"అదీ తెలుసు. ఫోన్లో అన్నీ చెప్పాడు ఆయన."

"మరి ఏటా పెట్టేవారు కదా. ఆయన ఒక్క ఫోన్ చేస్తే పెట్టేసేవారు."

"నాలుగేళ్ళు పెట్టాను. మొగుడు నీ ఇంట్లో ఉంటే, నేనిక్కడ 'భర్త' అని ఉన్న చోట ఆయన పేరు నింపాను. మొదట్లో ఆఫీసు గుమస్తా నన్ను చూసి జాలిపడేవాడు. ఇప్పుడు అదీ మానేశాడు."

"ఈయేడు ఏమైంది మరి?"

"మా అమ్మ పడింది."

"అయ్యో. ఎక్కడ?"

"బాత్రూంలో. తుంటి విరిగింది. ఆపరేషన్ ఎలాగో గట్టెక్కింది. ఇప్పుడు రోజూ పట్టుకుని నడిపించాలి, లేకపోతే ఇక మంచానికే అన్నారు. నేను పొద్దున ఏడింటికి ఇక్కడికొస్తే చీకటి పడ్డాకే పోవడం. ఎవరు నడిపిస్తారు?"

"ఎవర్నైనా పెట్టుకుంటే..."

"ఎవర్ని పెట్టుకోను? కార్డులో పేరుంటే ఆసుపత్రి వాళ్ళే నడిపించే మనిషిని ఇంటికి పంపిస్తారు. ఫారంలో ఉన్నది ఒకటే గడి. మొగుడో, అమ్మో. ఎవరో ఒకరు."

"రెండు గళ్ళు ఇస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?"

"అది మా మేనేజర్ని అడుగు."

"అంటే, ఈసారి అమ్మగారి పేరు రాస్తారా?"

"రాశాను."

"రాసేశారా?"

"పెన్సిల్‌తో. గుమస్తా పెన్నుతో రాయమన్నాడు. పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆడలేదు. వారం రోజులుగా ఆ కాగితం సంచీలోనే తిరుగుతోంది."

"చెయ్యి ఎలా ఆడుతుందక్కా? మీరు మంచివాళ్ళు."

"మంచిదాన్ని కాను. మనిషిని చంపేంత ఓపిక లేనిదాన్ని."

"ఆయన ఎలా ఉన్నాడో అడగరా?"

"ఎలా ఉన్నాడు?"

"కాళ్ళు వాచాయి. ఇవాళ డయాలసిస్సే. అక్కడ దింపేసి ఇటొచ్చాను. ఈపాటికి ఫ్యాను గురించి గొడవ మొదలుపెట్టి ఉంటాడు."

"ఫ్యానేంటి?"

"ఆయనకి ఫ్యాను తిరుగుతూ ఉండాలి. పక్క మంచం ఆయనకి చలి. నర్సు వేస్తుంది, ఆపుతుంది, వేస్తుంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా అలుగుతారు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కిరాయి బండిలో ఒకరి భుజం మీద ఒకరు పడి నిద్రపోతారు."

"పక్క మంచం ఆయన మీ బండిలో ఎందుకు?"

"ఆ... ఒకటే దారి కదా. అక్కా, టైమవుతోంది. ఆ పెన్సిల్‌ది చెరిపేసి..."

"ఆగు. ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పు. నువ్వు ఉద్యోగం చేస్తున్నావు కదా?"

"హోటల్లో. దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. రాత్రి షిఫ్టు."

"వాళ్ళు కార్డు ఇవ్వలేదా?"

"ఇచ్చారు."

"అందులో మొగుణ్ణి చేర్చుకోవచ్చా?"

"చేర్చుకోవచ్చు."

"మరింకేం? విడాకుల కాగితం కూడా ఈ సంచీలోనే ఉంది. ఏడాది నుంచి మోస్తున్నాను. ఇప్పుడే సంతకం పెడతాను. ఇద్దరూ ఒప్పుకుని, ఇన్నేళ్ళు వేరుగా ఉంటే కోర్టువాళ్ళు ఆర్నెల్ల గడువు కూడా మాఫీ చేసి వారంలో తేల్చేస్తారట. కొత్తగా పెళ్ళయితే ఏ నెలలోనైనా కార్డులో చేర్చుకోవచ్చట. అన్నీ కనుక్కున్నాను. ఒకటో తారీకుకి ఇంకా పదిహేను రోజులుంది. పెళ్ళి చేసుకో, నీ కార్డులో వేసుకో. నన్ను వదిలెయ్యండి ఇద్దరూ."

"కుదరదక్కా."

"ఎందుకు కుదరదు?"

"కుదరదు. అంతే."

"ఏం, జబ్బు మనిషిని కట్టుకోవడానికి మనసొప్పట్లేదా? ఇంట్లో పెట్టుకోవడానికి ఒప్పిందా?"

"ఎంత మాటైనా అనండి. అని సంతకం పెట్టండి."

"చెప్పకపోతే పెట్టను. ఇదిగో పెన్ను. నీ కళ్ళ ముందే మా అమ్మ పేరు దిద్దేస్తాను."

"ఆగండి. ఆగండక్కా. మాదీ ఒకటే గడి."

"ఒకటి చాలదా? పిల్లలు లేరు, మొగుడు లేడు నీకు."

"మొగుడు లేడని ఎవరన్నారు?"

"ఆయనే అన్నాడు."

"అలాగే చెప్తాడు. నాకు మొగుడున్నాడని చెప్పుకోవడం నామోషీ మీ ఆయనకి. ఆ పక్క మంచం ఆయన మా ఆయనే అక్కా. నా గడిలో ఉన్నది ఆయనే."

"ఫ్యాను ఆపమనే ఆయనా?"

"మీ ఆయన మాకు అక్కడే పరిచయం. ఒక్కడే బస్సులో వచ్చేవాడు. అయిపోయాక మెట్ల మీద కూలబడేవాడు."

"నాకు సెలవు ఇచ్చేవాళ్ళు కాదు."

"నేనేమీ అనట్లేదు. మా ఆయనే అన్నాడు, ఎలాగూ బండి ఒకటే కదా, మనతో తీసుకొచ్చెయ్యమని. ముందు గదిలో ఇంకో మంచం వేశాను. ఆ తర్వాత మీరనుకునేదే జరిగింది. కాదని అనను."

"మీ ఆయనకి తెలుసా?"

"తెలుసు. అడిగే ఓపిక ఆయనకి లేదు. దాచే ఓపిక నాకు లేదు."

"నాలుగేళ్ళలో ఒక్క ముక్క చెప్పలేదే నాకు."

"మీరు ఒక్కసారైనా అడిగారా నా గురించి?"

"అడగడానికి నువ్వు మా చుట్టానివా?"

"కాదనుకోండి."

"రాత్రంతా ఇస్త్రీ, పగలంతా వీళ్ళు. ఎప్పుడు నిద్రపోతావు నువ్వు?"

"బండిలో. ఆ ఇద్దరి మధ్య కూర్చుని."

"ఇది తిను. మూత కింద పెట్టకు, బల్ల తడిగా ఉంది."

"మీరు?"

"నాకు ఆకలి చచ్చిపోయింది. తిను. బెల్లు కొట్టేస్తారు."

"అక్కా, ఫారం..."

"చెరుపుతున్నాను, కనపడట్లేదా? ఈ రబ్బరు కాగితాన్ని చింపేలా ఉంది. అమ్మ పేరు అచ్చు పడిపోయింది, పోవట్లేదు."

"పైన ఆయన పేరు రాస్తే కనపడదులెండి."

"మా అమ్మకి ఏం చెప్పను? నడిపించే మనిషి వస్తుందని వారం నుంచి చెప్తున్నాను. రోజంతా తలుపు వైపే చూస్తూ పడుకుంటోంది."

"వస్తుందనే చెప్పండి."

"ఎవరొస్తారు?"

"నేనొస్తాను. రోజూ ఇద్దర్ని లేపి నడిపిస్తున్నాను, ముసలమ్మ ఒక బరువా? ఇంటి తాళం ఒకటి ఇవ్వండి. నేనెవరో మాత్రం చెప్పకండక్కా, చెప్తే నా చెయ్యి పట్టుకోదు."